ఆ ఇంటిపేరు వద్దన్నాం

ఇప్పటికీ నెలకు రెండు మూడు ఫోన్లు వస్తాయి నాకు. ఫలానా ఊళ్ళో ఫలానా ఇంటిపేరు వాళ్ళ పిల్ల ఉందట, ఎట్లాంటి వాళ్ళు అని అడుగుతారు. సత్యనారాయణపేటలో మా ఇంటి దాకా వచ్చి, కూర్చుని, కాఫీ తాగి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. బళ్ళారి చుట్టుపక్కల మావాళ్ళలో సంబంధం కలుపుకునే ముందు విచారణ చేయడం ఆనవాయితీ. పిల్ల చదువేమిటో, పిల్లవాడి ఉద్యోగమేమిటో ఎవరైనా చెప్తారు. ఆ ఇంటి లోపలి సంగతి కావాలంటే నాలాంటిదాన్ని అడగాలి. ఎవరి ఆడపడుచు ఎవరింట్లో పడిందో, ఎవరి తాత ఏ రోగంతో పోయాడో ముప్పై ఏళ్ళుగా నాకు నోటికి ఉండేది. నేను ప్రభుత్వ హైస్కూల్లో గుమాస్తాను. రిజిస్టర్లు రాసీ రాసీ ఇది కూడా ఒక రిజిస్టర్ లాగే నా తలలో కూర్చుంది. ఇప్పుడు ఎవరడిగినా నాకు తెలియదనే చెప్తున్నాను. వాళ్ళు నమ్మరు, ఏదో దాస్తోందిలే అనుకుంటారు. అనుకోనీ. నమ్మించే ఓపిక నాకు లేదు.

మా అమ్మ పుట్టిల్లు తెక్కలకోట. అందరిలోకీ అమ్మే పెద్దది, ఆమె తర్వాత ముగ్గురు తమ్ముళ్ళు. మొదటి ఇద్దరూ నాలుగైదేళ్ళ దాకా బాగానే ఆడుకున్నారట. తర్వాత నడుస్తూ నడుస్తూ పడిపోయేవాళ్ళట. కింద కూర్చుంటే లేవడానికి మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు ఆనించి, తమ ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కినట్టు లేచేవాళ్ళని అమ్మ చేసి చూపించేది. పదేళ్ళు దాటేసరికి ఇద్దరూ మంచాన పడ్డారు. పెద్దాయన పదహారేళ్ళకు పోయాడు. రెండో ఆయన పంతొమ్మిదేళ్ళకు పోయాడు. ఆ రెండో ఆయన నాకు లీలగా గుర్తు. పంచలో నులక మంచం మీద పడుకుని నన్ను చూసి నవ్వేవాడు. ఎండ పడితే మూడో మామ వచ్చి ఆయన్ని వీపు మీద ఎక్కించుకుని నీడకు తీసుకుపోయేవాడు. ఆ మూడో మామకు ఏమీ కాలేదు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇప్పుడు అరవై రెండేళ్ళుంటాయి, ఇంకా మడిలో దిగి నీళ్ళు కడతాడు.

ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవాళ్ళు. ఎవరో పామును చంపారన్నారు, ఎవరో పక్కవాళ్ళ పొలం గట్టు రాయి జరిపారన్నారు. ఏ మాట చెప్పినా చివరికి అందరూ ఒక చోటికే వచ్చేవాళ్ళు. ఆ ఇంటిపేరులో మగపిల్లలు నిలవరు. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కు పోతుంది కదా, జబ్బు కూడా దాని వెంటే పోతుందని లెక్క. ఆడపిల్ల పెళ్ళయితే వేరే ఇంటిపేరులోకి వస్తుంది కాబట్టి గండం దాటినట్టే. అమ్మ ఆ లెక్కను గట్టిగా పట్టుకుంది. తను బయటపడ్డానని నమ్మింది. తమ్ముళ్ళిద్దరినీ తలుచుకుని ఏడ్చేది. ఆ ఏడుపులో ఒక నిమ్మళం కూడా ఉండేది.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు అవ్వ తెక్కలకోట నుంచి పళ్ళెంలో పూలూ పండ్లూ పెట్టుకుని వచ్చింది, నన్ను మూడో మామకు అడగడానికి. అక్క కూతుర్ని తమ్ముడికి ఇవ్వడం మాలో తప్పు కాదు, ఇవ్వకపోతేనే తప్పు పట్టేవాళ్ళు. అమ్మ ఆ పళ్ళేన్ని ఎత్తి వసారాలో గట్టు మీద పెట్టేసింది. నేను ఆ ఇంటిపేరు వదిలించుకొని వచ్చినాను, నా కూతుర్ని మళ్ళా అందులోకి తోయను అంది. కన్నతల్లితో అన్న మాట అది. మామ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. చెప్పులు కూడా విప్పలేదు. అన్నీ విని, అవ్వను చేయి పట్టుకుని తీసుకుపోయాడు. నాకు బాధ కలిగిందని రాస్తే అబద్ధం. ప్రాణం కుదుటపడినట్టయింది. ఆ మంచం మీది నవ్వు నాకు కలల్లో వచ్చేది అప్పుడు.

మామకు సంబంధాలు రాలేదు. ముప్పై రెండేళ్ళకు ఆలూరు పక్కనుంచి ఒక పిల్లను చేసుకున్నాడు. ఆమెకు తండ్రి లేడు, విచారణ చేసే పెద్దలు లేరు. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల బాగా చదువుకుని సిరుగుప్పలో టీచరయింది. మూడేళ్ళ కిందట ఆమెకు ఒక మంచి సంబంధం కదిలింది. పిల్లవాడి తల్లి నాకు స్కూలుకే ఫోన్ చేసింది. నేను బదిలీ సర్టిఫికెట్ల మీద ముద్రలు వేస్తున్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, ముద్ర వేయడం ఆపకుండానే చెప్పాను. పిల్ల బంగారం, అనుమానం లేదు. అయితే ఆ ఇంట్లో మగపిల్లలు నిలవరు, మళ్ళీ నన్ను అనొద్దు, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. వాళ్ళు మళ్ళీ తెక్కలకోట వైపు పోలేదని తర్వాత తెలిసింది. నిజం చెప్పాననే అనుకున్నాను. ఎదుటివాళ్ళ పిల్లల మేలు కోరి చెప్పాను అని కూడా అనుకున్నాను. ఆ రోజు టీ తాగి ఇంటికి వచ్చి మామూలుగా వంట చేసుకున్నాను.

పోయిన మాఘంలో నా కూతురి పెళ్ళయింది. అల్లుడిది తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం, మా ఆయనదీ అక్కడే. మా ఇంటిపేరు వినగానే వియ్యాలవారు విచారణ కూడా అక్కర్లేదన్నారు. నేను ఆ మాటను పది మందికి చెప్పుకున్నాను. మామ, అత్త ఆ పెళ్ళికి వచ్చారు. మామ నా కూతురి చేతిలో చీర పెట్టి, అక్షింతలు వేసి, చివరి బంతిలో భోంచేసి పోయాడు.

నా చెల్లెలు నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. చాలా ఏళ్ళకు పుట్టిన కొడుకు, వాడికిప్పుడు ఏడేళ్ళు. బళ్ళారిలోనే ఉంటారు. వాడు మునివేళ్ళ మీద నడిచేవాడు. పిక్కలు పహిల్వాను పిక్కల్లాగా లావుగా ఉండేవి, అందరం ముచ్చటపడేవాళ్ళం. ఒకరోజు వాళ్ళింట్లో వాడు చాప మీది నుంచి లేస్తున్నాడు. ముందుకు వంగి, నేల మీద చేతులు పెట్టి, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత తొడల మీద. అమ్మ చేసి చూపించింది ఇదే. అయినా నేను నోరు విప్పలేదు. వీడి ఇంటిపేరు వేరు, అమ్మ పుట్టింటి పేరు కాదు, నా తండ్రి ఇంటిపేరు కూడా కాదు, ఆ జబ్బు ఇక్కడికి ఎట్లా వస్తుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. క్యాల్షియం తక్కువేమో, పాలు బాగా పట్టించమని చెల్లెలికి చెప్పాను. అట్లా ఒక ఏడాది పోయింది. నా కూతురి పెళ్ళి కూడా ఆ ఏడాదిలోనే జరిగింది.

పెళ్ళయిన నాలుగు నెలలకు పిల్లల డాక్టరు వాడి రక్తం పరీక్షకు పంపాడు. కండరాలు క్రమంగా క్షీణించే జబ్బని తేలింది. బెంగళూరు నుంచి నెలకొకసారి ఒక జెనెటిక్ కౌన్సెలర్ తన దగ్గరికే వస్తుందని, ఆమెతో మాట్లాడమని చెప్పాడు. కౌన్సెలర్ అంటే ధైర్యం చెప్పే మనిషి అనుకున్నాను. చెల్లెలు ఒంటరిగా పోలేనంటే వెంట పోయాను. కుటుంబం సంగతులు చెప్పాలట, అవి నాకంటే ఎవరికి బాగా తెలుసు.

ఆమె చిన్న వయసు పిల్ల, నా కూతురి కంటే ఐదారేళ్ళు పెద్ద అంతే. మైసూరు వైపు మనిషి. కన్నడంలో మొదలుపెట్టి, మేము తడబడితే వచ్చీరాని తెలుగులోకి వచ్చేది. తెల్ల కాగితం ముందు పెట్టుకుని అడగడం మొదలుపెట్టింది. నేను ఉత్సాహంగానే అందుకున్నాను. వీళ్ళ ఇంటిపేరు ఇది, వాళ్ళు ఫలానా ఊరి ఫలానా ఇంటిపేరు వాళ్ళు అని చెప్పుకుంటూ పోతుంటే ఆమె పెన్ను ఆపింది.

"ఇంటిపేర్లు నాకొద్దు మేడమ్. ఎవరు ఎవరి కడుపున పుట్టారో అది మాత్రం చెప్పండి."

అట్లా చెప్పడం నాకు కొత్త. తల్లి పేరుతో మొదలుపెట్టి చెప్పాలంటే నాకే తికమకగా ఉండింది. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా గీసింది. జబ్బు వచ్చినవాళ్ళ చదరాలను పెన్నుతో నింపింది. అవ్వ కింద రెండు నల్ల చదరాలు, చెల్లెలి కింద ఒక నల్ల చదరం. తర్వాత ఆమె అవ్వ సున్నాలో ఒక చుక్క పెట్టింది, అమ్మ సున్నాలో ఒక చుక్క, చెల్లెలి సున్నాలో ఒక చుక్క. ఇంటిపేర్లు తీసేస్తే ఆ కాగితం మీద మూడు తరాల ఆడవాళ్ళే మిగిలారు. జబ్బు మా వెంటే నడిచి వచ్చింది.

ఆమె ఓపికగా వివరించింది. కండరాన్ని బలంగా ఉంచే ఒక జన్యువు ఉంటుంది. ఆడవాళ్ళకు అది రెండు, మగవాళ్ళకు ఒకటే. "చేనుకు రెండు బోర్లు ఉంటే ఒకటి ఎండినా పంట దక్కుతుంది, ఒక్కటే ఉండి అది ఎండితే ఏం చేస్తారు," అంది. ఆడపిల్ల పైకి బాగానే ఉంటుంది, తెలియకుండానే చెడిన జన్యువును దాచుకుని ఉంటుంది, చుక్కంటే అదే. అట్లాంటి తల్లికి ప్రతి కాన్పులోనూ, కొడుకైతే జబ్బు రావడానికి సగం అవకాశం, కూతురైతే ఆ జన్యువు దిగడానికి సగం అవకాశం. బొమ్మా బొరుసా వేసినట్టే, మొదటిసారి తప్పితే రెండోసారి తప్పుతుందని ఏమీ లేదంది. చెల్లెలు ఏడుస్తూ, నా వల్లనే కదా మేడమ్ అంది. ఎవరూ ఏరి ఇచ్చింది కాదమ్మా, మీకు ఎంత తెలుసో మీ అమ్మకూ అంతే తెలుసు అని కౌన్సెలర్ ఆమె చేయి పట్టుకుంది. చెల్లెలి భర్త గోడ మీది క్యాలెండరునే చూస్తూ కూర్చున్నాడు. పిల్లవాడు బయట నర్సు ఇచ్చిన కాగితం మీద బస్సు బొమ్మ గీస్తున్నాడు.

నేను ఆ కాగితంలో మామ చదరాన్ని చూస్తున్నాను. అది ఖాళీగా ఉంది. ఆయన పిల్లలకు వస్తుందా అని అడిగాను. కౌన్సెలర్ తల అడ్డంగా ఊపింది. ఆయనకు ఉండేదే ఒక్కటి, అది బాగుంది, కాబట్టే నడుస్తున్నాడు. లేనిదాన్ని ఆయన ఎవరికీ ఇవ్వలేడు. కూతురికి రాదు, ఆమె పిల్లలకు రాదు. ఈ జబ్బు విషయంలో ఈ కాగితం మొత్తం మీద నిశ్చింతగా ఉండదగ్గది ఆ ఇల్లే అని చెప్పింది. ముద్ర పడుతున్న చప్పుడు నా చెవుల్లో వినిపించింది. ఆ ఫోను గుర్తొచ్చి సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తర్వాత ఆమె పెన్ను నా దగ్గరికి వచ్చింది. మీకు పిల్లలెందరు అంది. ఒక్కతే కూతురు, పెళ్ళయి నాలుగు నెలలు అన్నాను. నా సున్నాలో ప్రశ్న గుర్తు పెట్టి, కింద ఇంకో సున్నా గీసి దాంట్లోనూ ప్రశ్న గుర్తు పెట్టింది. ముందు మీ రక్తం చూద్దాం, మీకు లేకపోతే అమ్మాయికీ లేదు, ఉంటే అమ్మాయికి కూడా పరీక్ష చేద్దాం అంది. ఇంకో మాట కూడా చెప్పింది. గర్భం రాకముందే తెలిస్తే భార్యాభర్తలు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు, దారులు ఎక్కువ ఉంటాయి. వచ్చాక తెలిస్తే రోజులు లెక్కపెట్టుకుంటూ ఆలోచించాలి. పోయిన మామలు ఏ వయసులో నడక మానేశారో, ఎట్లా పోయారో ఎవరినైనా కనుక్కుని చెప్పమంది. కనుక్కుంటానన్నాను. అమ్మా అవ్వా పోయారు, కనుక్కోవాలంటే ఇక మామ ఒక్కడే ఉన్నాడు.

నా రిపోర్టు శ్రావణంలో వచ్చింది. ఒంటరిగా పోయి తెచ్చుకున్నాను. పిల్లవాడి జన్యువులో ఏ ముక్క పోయిందో, నా రెండు జన్యువుల్లో ఒకదాంట్లో కూడా అదే ముక్క లేదట. కౌన్సెలర్ నా ముందే ప్రశ్న గుర్తు కొట్టేసి చుక్క పెట్టింది. మీరు కూడా ఒకసారి గుండె పరీక్ష చేయించుకోండి, ఇట్లాంటి ఆడవాళ్ళలో కొందరికి గుండె బలహీనపడుతుంది అంది. అది నేను ఇంతవరకు చేయించుకోలేదు. అమ్మాయికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా, మీ ఇద్దరూ కలిసి వస్తే కూర్చుని మాట్లాడదాం అని అడిగింది. నేనే చెప్తానన్నాను. ఏం చేయమని చెప్పాలి అంటే, ఏం చేయాలో నేనూ చెప్పను మేడమ్, ఏముందో చెప్తాను, చేసేది వాళ్ళిద్దరి ఇష్టం అంది. నాకు కోపం వచ్చింది. చదువుకున్నది, ఒక దారి చూపించవచ్చు కదా అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా నేను ఇచ్చిన తీర్పుల ముందు ఆమె మాట వింతగా ఉండింది.

నా కూతురు రోజూ సాయంత్రం ఆరుకు ఫోన్ చేస్తుంది. మొదటిరోజు చెప్పబోయాను. ఆమె ఏదో నవ్వుతూ చెప్తుంటే ఆగాను. రెండోరోజు అల్లుడు పక్కనున్నాడు. తర్వాత పండుగ వచ్చింది, పండుగపూట ఎందుకని ఊరుకున్నాను. తర్వాత వాళ్ళ అత్తకు జ్వరం. చెప్పబోయి, ఏం కూర చేశావు అని అడిగేదాన్ని. బీరకాయ అంటే బీరకాయ గురించి పది నిమిషాలు మాట్లాడేదాన్ని. ఫోన్ పెట్టేశాక ఏదో బండ మోసినట్టు అలసిపోయేదాన్ని. మా ఆయన ఫ్యాక్టరీ బస్సు దిగి వచ్చి, చెప్పినావా అని అడిగేవాడు. లేదంటే ఇంకేమీ అనకుండా స్నానానికి పోయేవాడు. ఆయన చెప్పొచ్చు కదా అనుకునేదాన్ని. ఆయన కూడా నా గురించి అదే అనుకుని ఉంటాడు.

ఒక శనివారం నా కూతురే, అమ్మా, రేపు ఒకసారి ఇంటికి రా, నీతో మాట్లాడాలి అంది. నాకు భయమేసింది. చెల్లెలు గానీ చెప్పేసిందేమో అనుకున్నాను. రేపు తెక్కలకోటకు పోవాలి, మామతో పనుంది, సోమవారం చూస్తాలే అన్నాను. తెక్కలకోట పని అప్పటికప్పుడు పుట్టింది. ఎప్పటి నుంచో పోవాల్సిందే, కానీ పోయింది మాత్రం కూతురి ముఖం చూడటం తప్పించుకోవడానికే. ఎవరో ఒకరి దగ్గర తప్పు ఒప్పుకుంటే బరువు తగ్గుతుందని కూడా ఆశపడ్డాను.

ఆదివారం పొద్దున బస్సెక్కాను. సిరుగుప్ప రోడ్డు పొడుగునా కాలువ కింద వరి నిలబడి ఉంది. నేను కౌన్సెలర్ గీసిన కాగితం జిరాక్సును మడిచి పర్సులో పెట్టుకున్నాను. మామ ఇంట్లోనే ఉన్నాడు. కూతురు వసారాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. రా వదినె, అని లేచి మంచినీళ్ళిచ్చి, మళ్ళీ పేపర్ల దగ్గర కూర్చుంది. అత్త వంటింట్లో ఉంది.

చెల్లెలి కొడుకు సంగతి చెప్పాను. మామ వింటూ వింటూ కళ్ళు మూసుకున్నాడు. పోయినవాళ్ళ గురించి అడిగితే తేదీలు లేకుండా అంతా చెప్పాడు. పెద్దన్న వేరుశనగ కాయలు పీకే కాలంలో ఒకరోజు చేలోనే కూలబడ్డాడు, మళ్ళా లేవలేదు. రెండో అన్నను రెండేళ్ళు వీపు మీద మోసి బడికి తీసుకుపోయాడు తను. చివరి నెలల్లో దగ్గలేక, ఊపిరి అందక పోయాడు. నేను స్కూలు డైరీలో రాసుకుంటున్నాను.

తర్వాత కాగితం తీసి చూపించాను. రెండు నల్ల చదరాల మీద వేలు పెట్టి ఇద్దరన్నల పేర్లూ నెమ్మదిగా పలికాడు. ఈ ఖాళీది నువ్వు మామా అన్నాను. నీకు లేదు, నీ బిడ్డకు లేదు, రేపు ఆమెకు పెళ్ళయి పిల్లలు పుట్టినా వాళ్ళకు రాదు. ఇంటిపేరుతో ఏమీ సంబంధం లేదంట. మా అమ్మ దగ్గర ఉండింది, నా దగ్గర ఉండాది. ఆ మాటలు చెప్తున్నప్పుడు వసారాలో పేపర్లు తిప్పే చప్పుడు ఆగిపోయింది.

మామ ఆ ఖాళీ చదరాన్ని చూశాడు.

"మొగపిల్లోడు పుడతాడేమో అని భయపడి, ఒక్క పాపతో ఆపరేషన్ చేయించేస్తిమి పాపా. మీ అత్త ఇంకొకరు కావాలని ఎంత ఏడ్చిందో. నేనే వద్దంటి."

వంటింట్లో గిన్నెల చప్పుడు లేదు. నేను చెప్పాలనుకుని వచ్చింది చెప్పేశాను. మూడేళ్ళ కిందట ఆ సంబంధం వాళ్ళు ఫోన్ చేస్తే నేనేమన్నానో, ఒక్క మాట దాచకుండా చెప్పాను. మామ నా వైపు చూడలేదు.

"తెలుసు. వాళ్ళే చెప్పినారు, మీ అక్క కూతురే చెప్పిందని."

తెలిసి కూడా నా కూతురి పెళ్ళికి వచ్చాడు. చీర తెచ్చాడు, అక్షింతలు వేశాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఆ ఇంట్లో నాకు హక్కు లేదనిపించి ఆపుకున్నాను. ఇప్పుడే వాళ్ళకు ఫోన్ చేసి నిజం చెప్తాను, కావాలంటే పోయి చెప్తాను, కాగితం చూపిస్తాను అన్నాను.

"ఆయ్తు, బిడు," అయిపోయింది వదిలేయ్ అని, అన్నాడు మామ, కన్నడంలో, పొలంలో కూలివాళ్ళతో అన్నట్టు. "వాళ్ళ పిల్లోనికి పెళ్ళయి ఒక బిడ్డ కూడా ఉండాది. వాళ్ళకు చెప్పి ఏం చేస్తావు. నీ కూతురికి చెప్పినావా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఇన్నాళ్ళు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. తెలీక తెలీకనే అంతా అయిపోయినాది. ఆ పిల్లకు అట్ల చేయొద్దు పాపా. ఈడ కూర్చుని ఏం చేస్తాండావు, పో."

మామ కూతురు లోపలికి వచ్చి నా ముందు టీ పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చక్కెర సరిపోయిందా వదినె అని అడిగింది. సరిపోయిందన్నాను. ఆ టీ రుచి నాకు ఇప్పుడు గుర్తు లేదు.

సోమవారం సెలవు పెట్టి తోరణగల్లు పోయాను. అల్లుడు డ్యూటీకి పోయాడు. నా కూతురు తలుపు తీసి, వచ్చినావా, నిన్న వస్తావని ఎంత ఎదురుచూసినానో తెలుసా అంది. ముఖంలో వెలుగుంది. ఏదో చెప్పబోయింది. ముందు నన్ను చెప్పనీ అన్నాను, ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. స్టవ్ మీద పాలు పెట్టి ఉంది. వంటింట్లోనే, నిలబడే, కాగితం విప్పి చెప్పాను. కౌన్సెలర్ చెప్పినట్టు వరుసగా చెప్పడం రాలేదు. మా అవ్వ, మా అమ్మ, మీ పిన్ని, నేను అని వేలు జరుపుకుంటూ పోయి ఆమె సున్నా దగ్గర ఆగాను. నీకు ఉండొచ్చు, లేకపోవచ్చు, సగం సగం. రక్తం చూస్తే తెలుస్తుంది. కొడుకు పుడితేనే భయం అన్నాను.

ఆమె స్టవ్ ఆర్పింది. కాగితం నా చేతిలోంచి తీసుకుని చూసింది.

"ఎన్నాళ్ళయిందమ్మా నీకు తెలిసి?"

"నలభై రెండు రోజులు."

ఆమె నెమ్మదిగా కింద కూర్చుంది. నెల తప్పింది అమ్మా అంది. శుక్రవారం ఇంట్లోనే పరీక్ష చేసుకుంటే రెండు గీతలు వచ్చాయట. ఫోన్లో చెప్పడం ఇష్టం లేక నన్ను ఆదివారం రమ్మంది. నేను శ్రావణంలోనే చెప్పి ఉంటే ఆమెకు ఆలోచించుకునే తీరిక ఉండేది. కౌన్సెలర్ చెప్పిన ఆ తీరికనే నేను బీరకాయల మీదా పండుగల మీదా ఖర్చు చేశాను. నేను పక్కన కూర్చుని భుజం మీద చేయి వేయబోతే ఆమె తోసేయలేదు, దగ్గరికీ జరగలేదు.

"నలభై రెండు రోజులూ ఏం కూర అని అడిగినావు," అంది.

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. తర్వాత కౌన్సెలర్ నంబరు అడిగి తనే ఫోన్ చేసింది. ఆ వైపు నుంచి ఏవో ప్రశ్నలు వస్తుంటే స్థిరంగా జవాబులు చెప్పింది. ఎన్ని వారాలు, ఎప్పుడు రాగలరు, భర్తకు తెలుసా. సాయంత్రం ఆయన రాగానే చెప్తాను, రేపటికి పెట్టను అంది. ఆ మాట నన్ను ఉద్దేశించి అనలేదని నాకు తెలుసు.

పోయిన వారం కూతురూ అల్లుడూ కలిసి పోయి ఆమె రక్తం ఇచ్చి వచ్చారు. కౌన్సెలర్ ఆ కాగితంలో నా కూతురి సున్నా కింద కడుపులో బిడ్డకు కొత్త గుర్తు వేసిందట, అది చదరమూ కాదు, సున్నా కూడా కాదు, మూల మీద నిలబెట్టిన చదరంలా ఉంటుందట. రిపోర్టు ఇంకా రాలేదు. ఆరు గంటలకు ఫోన్ వస్తుంది. ఏం కూర అని నేనిప్పుడు అడగడం లేదు, ఆమె చెప్పడం లేదు. ఎట్ల ఉండావు అంటాను, ఉండా అంటుంది. ఇద్దరం కొంతసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉంటాం.